లాజరో కార్దెనాస్

పరదేశపు పెట్టుబడి దేశమున కెంతవరకు మేలు చేయును, ఎచ్చట నుండి మెడకు గుదిబండయగును అను ప్రశ్న వచ్చినప్పుడెల్ల మాకు మెక్సికో అధ్యక్షుడు లాజరో కార్దెనాస్ చరిత్రము జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆయన 1895లో హికిల్పాన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గతించుటచే చదువు సాగలేదు. అచ్చుకూటమునందును పన్నుల కచేరీయందును పనిచేసి, 1913లో విప్లవసేనలో చేరెను. 1925 మొదలు కొన్నియేండ్లు చమురుసీమయందు సేనాధిపతిగా నుండి అచ్చటి స్థితిగతులను కన్నులార చూచెను. భూగర్భ సంపద జాతిదేయని 1917 నాటి రాజ్యాంగము శాసించియుండెను. అయినను బావులు, గొట్టములు, లాభములు చాలవరకు ఆంగ్ల, డచ్చి, అమెరికా కంపెనీలవే.

1934లో కార్దెనాస్ అధ్యక్షుడయ్యెను. 1937లో చమురు కార్మికులు సమ్మె కట్టిరి. వారికి సాలీనా సుమారు 2 కోట్ల 60 లక్షల పెసోలు అదనముగా నీయవలెనని తీర్పు వచ్చెను. 1938 మార్చి 1న అత్యున్నత న్యాయస్థానము దానిని స్థిరపరచెను. కంపెనీలు లెక్కచేయలేదు. ఒక దేశపు న్యాయస్థానము మాట ఆ దేశముననే చెల్లనిచో స్వాతంత్ర్యమున కర్థమేమి? మార్చి 18వ తేదీ రాత్రి ఆయన కంపెనీల ఆస్తులను జాతిపరము చేసినట్లు రేడియోలో ప్రకటించెను. పరిహార మీయుటకును అంగీకరించెను. ఏప్రిల్ నెలలో రాజధానియందు స్త్రీలు బారులు తీరి పెండ్లియుంగరములు మొదలుకొని కోళ్ల వరకు సమర్పించిరి. అప్పు తీరుట కవి చాలవు. కాని ప్రభుత్వము వెనుక ప్రజలున్నారని లోకమునకు తెలిసెను.

కంపెనీలు మెక్సికో నూనెను బహిష్కరించినవి. బ్రిటనుతో దౌత్యసంబంధము తెగెను. స్పెయిను ప్రజాప్రభుత్వమునకు ఆయుధములు పంపిన కార్దెనాస్, దాని శత్రువులకు తోడ్పడిన జర్మనీ, ఇటలీలకే నూనె నమ్మవలసి వచ్చెను. ఇంతకన్న విపరీత మేమున్నది? పిమ్మట యుద్ధము వచ్చి అమెరికాకు పొరుగువారి స్నేహము అవసరమయ్యెను. 1942లో అమెరికా కంపెనీలకు సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిహారము నిర్ణయమయ్యెను. ఆంగ్ల, డచ్చి కంపెనీతో ఒడంబడిక 1947లో గాని కుదరలేదు.

కార్దెనాస్ 1970 అక్టోబరు 19న కాలధర్మము నొందెను. పండ్రెండేండ్లకు, 1982 ఆగస్టులో, విదేశ ఋణము తీర్చజాలమని మెక్సికో ప్రకటించవలసి వచ్చెను. చమురు తనదే, కాని ఆ చమురును నమ్ముకొని చేసిన యప్పు పరులది. అప్పిచ్చిన వారిలో అమెరికా బ్యాంకులే ముఖ్యము.

దీనినిబట్టి కార్దెనాస్ పని వ్యర్థమనువారితో మే మేకీభవింపము. ఆయన పట్టా సంపాదించి యిచ్చెను. పట్టా తనదైనను, పంట కల్లమున నుండగనే షాహుకారు పద్దున కెక్కినచో రైతు మరల కౌలుదారుతో సమానుడే. ఈ సంగతి మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. భూమిని విడిపించుట ఒక రాత్రి పని. అప్పు చేయక దానిని నిలుపుకొనుట తరతరముల పని.