కామర్లింగ్ ఓన్నెస్

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దానిని పరిశీలించుటకై ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునకు వచ్చెను. ఆ గ్రహణకాలమున సూర్యజ్వాలల వర్ణపటములో కానవచ్చిన పసుపుపచ్చని గీత హీలియమను క్రొత్త వాయువునకు చెందినదని తరువాత తేలెను. ఆ వాయువును మొట్టమొదట ద్రవముగా మార్చినవాడు హాలండు దేశీయుడగు హైకె కామర్లింగ్ ఓన్నెస్.

ఓన్నెస్ 1853లో గ్రోనింగెన్ నగరమున జన్మించెను. తండ్రికి ఇటుకల కర్మాగారముండెను. ఓన్నెస్ 1882లో లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, వాయువులను మిక్కిలి చల్లబరచు యంత్రములను నిర్మింప పూనుకొనెను. అతని దేహము దుర్బలము. పట్టుదల మాత్రము అట్టిది కాదు. పూర్వము 1807లో ఆ నగరమున మందుగుండు ఓడయొకటి పేలి అనేకులు మరణించిరి. కూలిన ఇండ్ల స్థలముననే ప్రయోగశాల వెలసెను. అందుచే పురజనులు బెదరి అభ్యంతరము చెప్పగా, 1895 నుండి సుమారు మూడేండ్లు శీతల ప్రయోగములు ఆగిపోయెను. ఓన్నెస్ నిరాశ చెందలేదు. గాజుపనియు, యంత్రపనియు నేర్పుటకై యువకులకొక శిక్షణాలయమును నెలకొల్పెను. మంచి పనివాండ్రు లేనిదే మంచి ప్రయోగము లేదని అతడు గ్రహించెను.

1908 జులై 10వ తేదీన తెల్లవారకమునుపే పని ప్రారంభమయ్యెను. సాయంకాలమైనను పాత్రలో ఏమియు కనబడలేదు. అప్పుడు చూడవచ్చిన మరియొక ఆచార్యుడు, పాత్రకు క్రిందినుండి వెలుగు ప్రసరింపజేయుమని సూచించెను. అట్లు చేయగా ద్రవతలము కత్తియంచువలె తళుక్కున మెరసెను! హీలియము ఎప్పుడో ద్రవమైయున్నది, చూచుటయే ఆలస్యము. దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువ 269 డిగ్రీలు.

విద్యుత్తు తీగలో ప్రవహించునపుడు లోహము దానిని కొంత అడ్డగించును. దీనినే నిరోధమందురు. అతిశీతలమున ఈ నిరోధమేమగును? విద్యుత్కణములు గడ్డకట్టి ప్రవాహమే నిలిచిపోవునని కొందరు పండితులు తలంచిరి. 1911లో ఓన్నెస్, అతని సహాయకులు హోల్స్ట్, ఫ్లిమ్ మొదలగువారు శుద్ధిచేసిన పాదరసమును ద్రవ హీలియముతో చల్లబరచి కొలిచిరి. నిరోధము క్రమముగా తగ్గలేదు, ఒక్కసారిగా మాయమయ్యెను. తీగలెచటనో కలిసిపోయినవేమోయని అనుమానించి మరల మరల పరీక్షించిరి. ఫలితము మారలేదు. ఈ గుణమునే అతివాహకత యనుచున్నారు. శీతల పరిశోధనలకుగాను 1913లో అతనికి నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి తీగలతో మహాబలముగల అయస్కాంతములను చేయవచ్చునని ఓన్నెస్ ఆశించెను. కాని అయస్కాంతబలము కొంత హెచ్చగానే అతివాహకత నశించెను. ఆ కోరిక అతని జీవితకాలమున నెరవేరలేదు. అయినను 1914లో సీసపు చుట్టలో ఒకసారి పుట్టించిన విద్యుత్తు, బ్యాటరీ తీసివేసిన పిమ్మటను గంటలకొలది తరుగక ప్రవహించుట అతడు కనులార చూచెను. రెండు అతివాహకముల నడుమ పలుచని అడ్డుపొరయున్నను విద్యుత్తు నిరోధము లేక దాటగలదని 1962లో ఇంగ్లండునందలి జోసెఫ్‌సన్ అను యువకుడు గణించెను. అట్టి సంధులపై నేటికిని పరిశోధనలు సాగుచున్నవి.

హీలియమును ఘనీభవింపజేయుటకు ఓన్నెస్ పలుమారులు యత్నించి విఫలుడయ్యెను. 1926 ఫిబ్రవరిలో అతడు మరణించెను. ఆ సంవత్సరముననే, అదే ప్రయోగశాలలో, అతని శిష్యుడు కీసమ్ ఆ కార్యమును సాధించెను.