బైండింగు కుర్రాడికి దొరికిన పుస్తకం

మా నాచారం నుంచి తార్నాక వెళ్తుంటే హబ్సిగూడ దాటాక ఐ.ఐ.సి.టి. వస్తుంది. రంగుతో పనిచేసే సోలార్ సెల్స్ మీద అక్కడ పరిశోధనలు చేస్తున్నారు. గాజు పలక మీద టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి పూత పూస్తారు. దాని రేణువులు తలవెంట్రుక మందంలో వేలకొద్దీ పడతాయట! ఆ పూతకి పట్టించిన రంగు ఎండని పీల్చుకుంటే కరెంటు పుడుతుంది. ఆ సెల్‌లోని ఎలక్ట్రోడ్, ఎలక్ట్రోలైట్... ఈ మాటలు లోకానికిచ్చింది బడిచదువు అంతంతమాత్రంగా సాగిన ఓ కమ్మరి కొడుకు. పేరు మైకేల్ ఫారడే.

1791లో లండన్ దగ్గర పుట్టాడు. ఒక్కోసారి వారానికి ఒక్క రొట్టెతో సరిపెట్టుకోవాల్సిన ఇల్లు. పద్నాలుగేళ్లకే పుస్తకాల బైండింగు షాపులో పనికి చేరాడు. కుట్టడానికొచ్చిన పుస్తకాలు పనయ్యాక చదివేవాడు. అలా చేతికందిందే జేన్ మార్సెట్ రాసిన రసాయనశాస్త్ర సంభాషణలు.

ఈవిడ గురించి కాస్త చెప్పాలి. ఓ డాక్టరుగారి భార్య. సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి వెళ్తే మొదట సరిగ్గా అర్థం కాలేదు. తెలిసినవాళ్లతో మాట్లాడి, ప్రయోగాలు చూసి నేర్చుకుంది. తనలాంటి ఆడవాళ్ల కోసం, ఓ టీచరమ్మ ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడుతున్నట్టు పుస్తకం రాసింది. అట్ట మీద పేరు మాత్రం వేసుకోలేదు! ఆడది సైన్సు రాయడమేమిటంటారేమోనని ముందుమాటలోనే సంజాయిషీ ఇచ్చుకుంది. డిగ్రీ చదివినా ఈవిడ పేరు నాకు ఏ పాఠంలోనూ తగల్లేదు.

ఆ పుస్తకంలో చెప్పినవి నిజమా కాదా అని కుర్రాడు చిన్న చిన్న ప్రయోగాలు చేసి చూసుకున్నాడు. నిజమే! 1812లో డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్నదంతా తనే బైండు చేసి ఆయనకి పంపాడు. మరుసటేడు ఆయన దగ్గరే ఉద్యోగం. యూరప్ ప్రయాణంలో పాపం నౌకరు పనీ చెయ్యాల్సొచ్చింది, డేవీగారి భార్య చిన్నచూపూ భరించాడు.

1821లో శారాతో పెళ్లి. పిల్లల్లేరు. 1831లో అయస్కాంతంతో కరెంటు పుట్టించాడు. ఆ తర్వాత ద్రావణంలోంచి ఎంత కరెంటు పోతే అంత లోహం పేరుకుంటుందని లెక్క తేల్చాడు. మనం మోజుపడే వన్ గ్రామ్ గోల్డ్ గాజుల మీది పూతకీ అదే లెక్క.

యాభై దాటక ముందే మతిమరుపు పట్టుకుంది. చేసిన ప్రయోగమే మర్చిపోయేవాడు. ప్రతిదీ నంబరు వేసి రాసుకునేవాడు. శారా కంటికి రెప్పలా చూసుకుంది. ఆ స్థితిలోనే 1856లో బంగారం పని మొదలెట్టాడు. పల్చటి బంగారు రేకుని వెలుతురుకి పెడితే పచ్చగా కనిపించింది. బంగారు లవణం కరిగిన నీళ్లలో ఫాస్ఫరస్ చేరిస్తే కెంపురంగు తేలింది. బంగారం ఎక్కడికీ పోలేదు, కంటికి ఆనని నలుసులై నీళ్లలోనే ఉందని, నలుసు సైజుని బట్టే రంగు మారుతోందని 1857లో రాయల్ సొసైటీకి చెప్పాడు. వాటిని చూడగల మైక్రోస్కోపు అప్పటికింకా లేదు. ఇప్పుడు మనం నానో అంటున్నవి అవే. ఆ సీసాలు కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ ఎర్రగానే ఉన్నాయి.

పేరొచ్చాక తన పరిశోధనా పత్రాలు మార్సెట్‌కి కృతజ్ఞతగా పంపేవాడు. 1858లో ఆవిడ పోయాక, బైండింగు షాపు రోజుల్లో ఆ పుస్తకం తనని ఎలా నిలబెట్టిందో ఓ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు.