అసీసీ భిక్షువు

శాన్‌ఫ్రాన్సిస్కో నగరనామము మన పాఠకులకు సుపరిచితము. 1900వ సంవత్సరమున వివేకానందస్వామి అచ్చట వేదాంత సమాజమును నెలకొల్పిరి. ఆ నగరమునకు పేరిచ్చిన సాధువు మాత్రము ఆ గడ్డపై ఎన్నడును అడుగిడలేదు. అట్టి ఖండమొకటి కలదనియు ఆయన యెరుగడు.

ఫ్రాన్సిస్ 1181 ప్రాంతమున ఇటలీదేశమందలి అసీసీ పట్టణమున జన్మించెను. తండ్రి పియెత్రో సంపన్నుడగు వస్త్రవర్తకుడు. యౌవనమున అతడు విలాసములకును, వీరయోధుడను కీర్తికిని మిక్కిలి ఆశపడెను. 1202లో పెరూజియా నగరముతో జరిగిన పోరున బందీయై యించుమించు ఒక వత్సరము చెరలో నుండెను. అటుపిమ్మట దీర్ఘవ్యాధి. రోగశయ్యనుండి లేచినవానికి పూర్వపు వినోదములు రుచింపలేదు.

కుష్ఠరోగులన్న అతనికి తొలినుండియు పరమజుగుప్స. ఒకనాడు త్రోవలో ఎదురైన రోగిని జూచి గుఱ్ఱము దిగి, ధనమిచ్చి, ఆ చేతిని ముద్దిడెను. తన జీవితము మారినది ఆ రోగుల నడుమనే యని అవసానకాలమున తానే వ్రాయించెను.

శిథిలమైయున్న సాన్ దమియానో దేవాలయమును బాగుచేయనెంచి తండ్రి అంగడిలోని వస్త్రములను అమ్మివేయగా, తండ్రి అభియోగము తెచ్చెను. 1206లో బిషప్పు సమక్షమున ఫ్రాన్సిస్ ధనమునేకాక ఒడలిపై వలువలను సైతము విప్పి తండ్రి ముందుంచెను. మన అవధూతల చరిత్రలు చదివినవారికి ఈ ఘట్టము వింతగా తోపదు. తండ్రి దుఃఖమును మాత్రము భక్తులు అంతగా తలపరు. ఆ వర్తకుడు కోల్పోయినది వస్త్రములే కాదుగదా!

1209లో పోపు మూడవ ఇన్నొసెంటు ఆ భిక్షుసంఘమునకు అనుమతి నొసగెను. ధనమును తాకరాదు, ఆస్తి యుండరాదు, పనిచేసి తినవలెను, చాలనిచో యాచింపవలెను. 1219లో, మతయుద్ధముల నడుమ, ఫ్రాన్సిస్ ఈజిప్టునందలి దమియెట్టా యొద్ద నిరాయుధుడై శత్రుశిబిరమునకేగి సుల్తాను అల్ కామిల్‌ను దర్శించెను. సుల్తాను మతము మారలేదు. అతిథిని ఆదరించి క్షేమముగా పంపెను. మరుసటి యేడు ఫ్రాన్సిస్ సంఘాధిపత్యమును వదలుకొనెను. కన్నులు కానరాని దశలో, సూర్యుని సోదరునిగా భావించి స్తుతిగీతమును ప్రాంతీయభాషలోనే రచించెను. 1226 అక్టోబరు 3వ తేదీన, తన కోరికపై వట్టినేలపై పరుండబెట్టగా, దేహము చాలించెను.

ఐదున్నర శతాబ్దముల పిదప, 1776లో, స్పెయిను ప్రభుత్వపు అండతో ఆయన సంఘీయులు పసిఫిక్ తీరమున ఆయన పేర మిషనును స్థాపించిరి. 1791లో ముగిసిన దాని పచ్చియిటుకల మందిరము 1906 నాటి భూకంపమునకు చలింపక నేటికిని నిలిచియున్నది. భూమి మాత్రము ఓలోనీ తెగవారిది. బాప్తిస్మము పొందినవారు స్వేచ్ఛగా తమ పల్లెలకు మరలరాదు. పారిపోయినవారిని సైనికులు పట్టితెచ్చెడివారు. ఏమియు తనదికాదన్న భిక్షువు పేర ఇట్లు జరుగుట విషాదకరము. 1806లో తట్టువ్యాధి వ్యాపించి పలువురు మరణించిరి. ఆ శ్మశానవాటికలో అయిదువేలకు పైబడిన ఆదివాసులు ఖననమైరి. వారిలో పెక్కుమంది సమాధులపై పేరైనను లేదు.