మైకేల్ కాలిన్స్: ఐరిష్ పోరాట వీరుడు

మన వి.వి.గిరి డబ్లిన్‌లో లా చదువుతున్న రోజులవి. 1916 ఈస్టర్ వారంలో బ్రిటిష్ వారిపై లేచిన తిరుగుబాటు అణగిపోయింది. పట్టుబడినవారిలో మైకేల్ కాలిన్స్ ఒకరు. కార్క్ ప్రాంతపు రైతుబిడ్డ. పదిహేనేళ్లకే లండన్ వెళ్లి పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తాగిరీ చేశారు.

నిర్బంధం నుంచి విడుదలయ్యాక, 1917లో తిరుగుబాటులో అసువులు బాసినవారి కుటుంబాలను ఆదుకునే నిధికి కార్యదర్శి అయ్యారు. దేశం నలుమూలలా ఆయనకు మనుషులు ఏర్పడింది ఆ పనితోనే.

1919 నుంచి ఆయన రహస్యదళం డబ్లిన్ గూఢచారి పోలీసులను కాల్చి చంపసాగింది. ఆ పోరులో రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ సిబ్బంది నాలుగు వందల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఐరిష్ వారే. వారికీ ఆలుబిడ్డలున్నారు.

1921 డిసెంబరు 6న సంధిపై కాలిన్స్ సంతకం చేశారు. ప్రభుత్వ మార్పిడితో ఉద్యోగాలు పోయే పోలీసులకు న్యాయమైన పరిహారం చెల్లించాలన్నది అందులో పదవ నిబంధన. చివరి రెండేళ్లలో బ్రిటన్‌లో చేర్చుకుని దించిన వారికి మాత్రం అది వర్తించదు. వారి భారం బ్రిటన్‌దే.

1922 ఆగస్టు 22న, సంధి గిట్టని స్వదేశీయుల తూటాకే ఆయన సొంత కార్క్‌లో నేలకొరిగారు. అప్పటికి వయస్సు 31. ఆ పోలీసు దళం రద్దు ఆ నెలాఖరుకు పూర్తయింది.