కాలువ గట్టున కాపరి



నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా సముద్రం వైపు పారే గుండ్లకమ్మ మనకు ఇంటి ఏరు. ఇదే ఏటిలో, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మన సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే అంతకుముందు సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలను ఆపి ఉంచిన దైవసేవకుని గూర్చి మనం అంతగా చెప్పుకోము.

ఆయన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యువకునిగా మిన్నెసోటాలో సర్వే బృందాలతో తిరిగి భూమి కొలిచే పని నేర్చారు. 1865లో మన దేశం చేరి, నెల్లూరులో జూయెట్ దొరగారి వద్ద తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. కనిగిరి ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్యగారు వంటివారు మాదిగ పల్లెల్లో ఇంటింటికీ సువార్త మోశారు.

1876లో ధాత కరువు వచ్చింది. మార్కాపురం, కంభం అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలు, నెల్లూరు జిల్లాలు రెండూ ఆ కరువుకు విలవిలలాడాయి. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టగా, క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. పని తెలిసినవాడు గనుక కొలతలు సరిచూశారు, కూలి సక్రమంగా చేతికందేలా చూశారు. తోలుపని చేసిన చేతులు పార, గంప పట్టాయి.

ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పని చూసేవారు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు వారి పక్కన కూర్చొని, చనిపోయిన బిడ్డల గూర్చి, విడిచి వచ్చిన ఊళ్ల గూర్చి వినేవారు, ప్రయాసపడేవారిని యేసు పిలిచిన పిలుపును చెప్పేవారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. దొరగారు వద్దన్నారు. కరువు సాయం పంచే చేతితోనే బాప్తిస్మం ఇస్తే, ఆకలి ఏదో విశ్వాసం ఏదో ఎవరికీ తెలియకుండా పోతుందని ఆయన భయం. చివరకు 1878లో జనం వచ్చి, ఇక డబ్బు అడగము, మా చేతుల బొబ్బలే సాక్ష్యం, చస్తే క్రైస్తవులుగానే చస్తామని మొరపెట్టుకున్నాకే ఒప్పుకున్నారు. ఆ రోజు ఏటిలో దిగినది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. దొరగారు గట్టునే ఉన్నారు. 1910లో ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఈ జీవితాన్ని ఈ వారం ఎందుకు తలచుకొంటున్నాము? మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు సంఘాలలో నేడు మరో కరువుంది. అప్పుల బాధతో నిద్రపోని రైతు, వలస వెళ్లిన భర్త కోసం కుమిలే సహోదరి, చావాలనిపిస్తోందని చెప్పుకోలేని విద్యార్థి మన బల్లల మీదే కూర్చుంటున్నారు. వారిని కౌన్సెలర్ దగ్గరకు పంపడం అవిశ్వాసమని కొందరు కాపరులంటారు. కౌన్సెలర్ ఉండగా కాపరి ఎందుకని కొందరు చదువుకున్నవారంటారు.

కౌన్సెలర్‌ది శిక్షణ పొందిన పని. దానికి నియమిత సమయం, ఒక గురి, గోప్యత అనే కట్టుబాటు ఉన్నాయి. జబ్బును గుర్తించి మందు రాయడం మానసిక వైద్యుని పని. కాపరి పని గడియారంతో ముగియదు. పెండ్లికి, చావుకు, పంట పోయిన రోజుకు ఆ ఇంటనే ఉంటాడు. పాపక్షమాపణను, పునరుత్థాన నిరీక్షణను, ప్రభువు బల్లను అందిస్తాడు. ఒకరి పని మరొకరు చేయలేరు. ప్రార్థనతో కాలువ కొలత తేలదు. కొలబద్దతో కన్నీరు ఆరదు.

మేమూ ఒప్పుకోవలసినది ఒకటుంది. ఒక సహోదరి మాతో ఏకాంతంగా చెప్పుకొన్న బాధను ఒకనాడు ప్రార్థనాంశంగా సంఘమంతటి ముందు చెప్పాము. ఆమె మరల మందిరానికి రాలేదు. గోప్యత అనే కట్టుబాటును కౌన్సెలర్ల దగ్గర మేము ఆలస్యంగా నేర్చుకొన్నాము.

కాబట్టి కాపరులారా, ఎవరైనా చావు మాట ఎత్తితే ప్రార్థించి పంపివేయకండి. ఒంటరిగా విడువకండి. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య 14416కు మీరే ఫోను కలపండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. తిరిగి వచ్చాక వారి వాకిట్లో కూర్చోండి. వైద్యునికి అప్పగించాము గనుక మన పని తీరిందనుకోవద్దు. కాలువ పని చూసుకొన్న బోధకులే సాయంత్రం కూలీల పక్కన కూర్చున్నారు.