కాకి వాలినందుకే పండు రాలిందా? మహలనోబిస్ వేసిన లెక్క

తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణంలోనే పండు రాలితే, కాకి వల్లే రాలిందనుకోవడం తేలిక. మన పెద్దలు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. అయితే ఎదురుగా జరిగింది కాకతాళీయమో, దాని వెనక కారణముందో తేల్చేదెలా? ప్రశాంతచంద్ర మహలనోబిస్ జీవితంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నతోనే గడిచింది.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, లండన్ విశ్వవిద్యాలయంలో చేరదామని 1913లో ఇంగ్లండ్ వెళ్లారు. కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లిన రోజు తిరుగు రైలు తప్పిపోయి మిత్రుడి దగ్గర ఆగిపోయారు. అక్కడి కింగ్స్ కాలేజీ నచ్చి అందులోనే చేరారు. 1915లో ఇంటికి బయలుదేరుతుంటే యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ సమయంలో ఒక అధ్యాపకుడు ఆయనకు 'బయోమెట్రికా' అనే గణాంకశాస్త్ర పత్రిక చూపించారు. మహలనోబిస్ సంపుటాలన్నీ కొనుక్కుని ఓడలోనే చదవడం మొదలుపెట్టారు.

రైలు తప్పడానికీ, ఓడ ఆగడానికీ వేటి కారణాలు వాటికున్నాయి. అవేవీ ఆయన్ను గణాంకశాస్త్రజ్ఞుణ్ని చేయడం కోసం జరిగినవి కావు. కారణం ఉండటం వేరు, ఉద్దేశం ఉండటం వేరు.

ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం బోధిస్తున్న రోజుల్లో, 1922లో ఉత్తర బెంగాల్‌ను వరద ముంచింది. నీటిని నిలిపి ఉంచే జలాశయాలు కట్టాలని ఇంజినీర్ల కమిటీ అనుకుంది. మహలనోబిస్ 50 ఏళ్ల వర్షాలు, వరదల లెక్కలు తీశారు. జలాశయాల వల్ల అక్కడ ప్రయోజనం లేదని, నీరు వేగంగా బయటికి పోయే దారులు కావాలని తేలింది.

1926లో ఒడిశాలో బ్రాహ్మణి నది పొంగింది. నదీగర్భం మేట వేసి ఎత్తు పెరిగిందని, కరకట్టలు పెంచాలని ఇంజినీర్లు చెప్పారు. సుమారు 60 ఏళ్ల రికార్డుల్లో ఆ పెరుగుదల జాడే లేదు. ఇక్కడ ఎగువన నీటిని ఆపే ఆనకట్టలే మార్గమని ఆయన సూచించారు. మహానది మీద ఆయన వేసిన తొలి లెక్కలే 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ప్రాజెక్టుకు ఆధారమయ్యాయి. బెంగాల్‌లో పనికిరాని మందు ఒడిశాలో పనికొచ్చింది. కారణం తప్పు పడితే ఖర్చు వృథా అవుతుంది, మరుసటి వరదకు ఊళ్లు మళ్లీ మునుగుతాయి.

1931లో ఆయన కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. బెంగాల్ జనపనార విస్తీర్ణం అంచనా వేయడానికి పొలాలన్నీ తిరగకుండా, కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచుకునే పద్ధతి తెచ్చారు. ఒకే ప్రాంతాన్ని వేర్వేరు బృందాలతో విడివిడిగా లెక్కింపజేసేవారు. వాళ్ల అంకెల మధ్య తేడాను బట్టి ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో తెలిసేది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఈ అనుభవం మీదే నిలిచింది.

ఆ సంస్థకు 1941లో ఒక తెలుగు యువకుడు వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు వేరే ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లి, అనుకోకుండా ఈ సంస్థ గురించి విని చేరారు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధులయ్యారు.

అన్నిటినీ యాదృచ్ఛికం ఖాతాలో వేయడం కూడా ఆయనకు సమ్మతం కాదు. 1943 బెంగాల్ కరవులో లక్షలాది మంది చనిపోయాక, ఆయన సహచరులతో కలిసి గ్రామాల్లో సర్వే జరిపారు. అది భూకంపంలా ఊడిపడిన విపత్తు కాదని, మామూలు రోజుల్లోనే సాగుతున్న ఆర్థిక మార్పులకు పరాకాష్ఠ అని వాళ్లు తేల్చారు. దైవాన్ని నిందించి ఊరుకునే వీలు లేకుండా చేసిన మాట అది.

కారణాన్ని పట్టుకున్నామనే ధీమాకూ హద్దు ఉంటుందని తర్వాతి కాలం చూపింది. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికకు ఆయన నమూనాయే ప్రాతిపదిక. భారీ పరిశ్రమల్లో పెట్టుబడి పెడితే దీర్ఘకాలంలో దేశం ఎదుగుతుందన్నది దాని సారం. కొద్దికాలానికే విదేశీ మారకద్రవ్యం కటకట ఎదురైంది. వ్యవసాయాన్ని చిన్నచూపు చూశారన్న విమర్శ నేటికీ ఉంది. నది లెక్కకు లొంగినంత తేలిగ్గా దేశ ఆర్థిక వ్యవస్థ లొంగలేదు.

1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు ఆయన కన్నుమూశారు. ఇందులో ఏదో అంతరార్థం ఉందనిపించవచ్చు. కానీ ఇంత పెద్ద దేశంలో పుట్టినరోజు ముందు నాడే మరణించేవారు ఏటా వేలల్లో ఉంటారు. వరదకూ, కరవుకూ కారణం వెతకకపోవడం నేరమే. ఇలాంటి తేదీకి కారణం వెతకనక్కర్లేదు.