కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ ఆండర్సన్ (మార్చి 8, 1910 - ఆగష్టు 30, 1974) దక్షిణ భారతదేశపు అడవులలో నరభక్షకములుగా మారిన పులులను, చిరుతపులులను వేటాడి, ఆ అనుభవములను ఆంగ్లములో పుస్తకములుగా వ్రాసిన ప్రసిద్ధ వేటగాడు మరియు రచయిత. ఈయన సికింద్రాబాదు సమీపములోని బొల్లారంలో జన్మించాడు. జీవితములో అధిక భాగము బెంగుళూరులో గడిపినప్పటికీ, ఈయన కథలలో కొన్ని తెలుగు ప్రాంతపు అడవులలో జరిగినవే. సంస్థానాధీశులు, బ్రిటిషు అధికారులు భారీ పరివారముతో, ఖరీదైన తుపాకులతో వేటకు వెళ్ళే కాలములో, ఈయన సాధారణ ఉద్యోగిగా ఉంటూ, కర్మాగారములో తయారైన ఒక తేలికపాటి అమెరికా రైఫిలును వాడి పేరు పొందాడు. చివరి దశలో తుపాకిని విడిచి కెమెరాను చేపట్టి, వన్యప్రాణి సంరక్షణకు మద్దతు పలికాడు.

బాల్యము మరియు కుటుంబము

ఆండర్సన్ కుటుంబము స్కాట్లాండు నుండి వచ్చి ఆరు తరములుగా భారతదేశములో స్థిరపడినది. తండ్రి డగ్లస్ స్టువార్ట్ ఆండర్సన్ పూనాలో సైనికుల జీతభత్యములకు సంబంధించిన కార్యాలయములో సూపరింటెండెంటుగా పనిచేశాడు. ఆయనకు కెప్టెన్ అను గౌరవ హోదా ఉండేది. తల్లి పేరు లూసీ ఆన్. ఈయన పుట్టిన బొల్లారం ఆనాడు నిజాము రాజ్యములో బ్రిటిషు వారి సైనిక స్థావరము. రాష్ట్రపతి నిలయము ఉన్నది కూడా ఇక్కడే.

తండ్రికి వేటపై ఆసక్తి ఉండుటచే కెన్నెత్‌కు చిన్నతనములోనే అడవితో పరిచయము కలిగినది. బెంగుళూరులోని బిషప్ కాటన్ బాలుర పాఠశాలలోను, తరువాత సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదువుకున్నాడు. న్యాయశాస్త్రము చదువుటకు ఎడిన్‌బరో పంపగా, ఆ చదువును మధ్యలోనే విడిచి భారతదేశానికి తిరిగి వచ్చాడు.

ఉద్యోగ జీవితము

ఆండర్సన్ తపాలా తంతి శాఖలో సుమారు పదిహేనేళ్ళు పనిచేశాడు. ఆ తరువాత బెంగుళూరులోని విమాన కర్మాగారములో (తరువాతి కాలపు హిందూస్థాన్ ఏరోనాటిక్స్) చేరి, ప్రణాళికా విభాగములో ఫ్యాక్టరీ మేనేజరు స్థాయికి చేరాడు. వేట ఈయనకు వృత్తి కాదు. సెలవు దొరికినప్పుడు తన స్టూడీబేకర్ కారులో అడవి దారి పట్టేవాడు. కన్నడము, తమిళము ధారాళముగా మాట్లాడుటచే అడవి పల్లెల ప్రజలతో సులభముగా కలిసిపోయేవాడు. భార్య పేరు బ్లాసమ్. వీరికి ఒక కుమార్తె, డోనాల్డ్ అను కుమారుడు కలిగారు. డోనాల్డ్ కూడా వేటగాడిగా పేరు పొంది 2014లో మరణించాడు.

ఆనాటి వేట పద్ధతులు

ఆండర్సన్ వేట విధానములోని ప్రత్యేకతను గ్రహించుటకు ముందు, అప్పటి రాచరికపు వేట ఎట్లుండేదో తెలుసుకొనవలెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866 - 1911) గురి తప్పని వేటగాడిగా ప్రసిద్ధుడు. ముప్పైకి పైగా పులులను చంపినందున ప్రజలు ఆయనను తీస్ మార్ ఖాన్ అని పిలిచేవారని ప్రతీతి. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతములోని నెక్కొండ సమీపమున విడిది చేసి పులుల వేటలో పాల్గొన్నారు. చంపిన పులులతో వారు దిగిన ఛాయాచిత్రములు లాలా దీన్ దయాళ్ చిత్రశాల వారివిగా నేటికీ ప్రసిద్ధములు. వరంగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అడవులు ఆ కాలములో పెద్దపులులకు నెలవులు.

ఇటువంటి వేటలో జంతువును డప్పులతో, కేకలతో తరిమి తెచ్చేవారు. వేటాడువారు ఏనుగుల పైననో, మంచెల పైననో సిద్ధముగా ఉండేవారు. తుపాకులను మోయుటకు, మందుగుండు నింపి అందించుటకు వేరుగా మనుషులుండేవారు. కావున తుపాకి బరువు, ధర వారికి సమస్యలు కావు. ఆండర్సన్ పరిస్థితి వేరు. ఈయన తరచుగా ఒంటరిగానో, ఒకరిద్దరు గిరిజనుల సహాయముతోనో కాలినడకన మైళ్ళ కొలది తిరిగేవాడు. తన తుపాకిని తానే మోసుకొనవలసి ఉండేది.

రైఫిలు

ఆండర్సన్ సాధారణముగా వాడినది వించెస్టర్ 1895 నమూనా రైఫిలు. ఇది .405 తూటాలను పేల్చునది. దీనిని అమెరికాకు చెందిన ప్రఖ్యాత ఆయుధ రూపశిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855 - 1926) రూపొందించాడు. మీట దగ్గర ఉన్న లీవరును క్రిందికి లాగి పైకి తెచ్చినచో ఖాళీ తూటా బయటపడి, కొత్త తూటా గొట్టములోనికి చేరును. అంతకు ముందు ఇదే తరహా వించెస్టర్ రైఫిళ్ళలో తూటాలు గొట్టము క్రింద ఒకదాని వెనుక ఒకటి ఉండేవి. ముందున్న తూటా అడుగుభాగమునకు వెనుక తూటా మొన తగులుచుండుటచే మొనదేలిన తూటాలను అందులో వాడుట ప్రమాదకరము. 1895 నమూనాలో తూటాలు పెట్టెలో ఒకదానిపై ఒకటి ఉండును గనుక ఈ చిక్కు తొలగి, శక్తిమంతమైన తూటాలను వాడుట సాధ్యమైనది.

.405 తూటా 1904లో మార్కెట్టులోనికి వచ్చినది. దీని గుండు బరువు 300 గ్రెయిన్లు, అనగా సుమారు 19 గ్రాములు. ఇది సెకనుకు దాదాపు 670 మీటర్ల వేగముతో వెలువడును. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియొడోర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు ఈ రైఫిలునే తీసుకువెళ్ళుటతో దీనికి ప్రపంచ ఖ్యాతి లభించినది.

ఒంటరి వేటగానికి ఈ రైఫిలు వలన కలిగిన లాభములు ఇవి:

- బరువు: ఇది సుమారు 4 కిలోలు మాత్రమే. పెద్ద తూటాల ఆంగ్లేయ జంటగొట్టాల రైఫిళ్ళు 4.5 నుండి 5 కిలోల వరకు ఉండేవి. పగలంతా నడిచి రాత్రంతా మంచెపై కూర్చొనువానికి ఈ తేడా చిన్నది కాదు.
- ధర: జంటగొట్టాల రైఫిళ్ళను లండను పనివారు చేతితో తయారుచేసేవారు. రెండు గొట్టముల గుండ్లు ఒకేచోట తగులునట్లు సరిచేయుట ఎంతో శ్రమతో కూడిన పని. వించెస్టరు యంత్రములపై లక్షల సంఖ్యలో తయారైనందున దాని ధర వాటిలో చిన్న భాగము మాత్రమే.
- తూటాల సంఖ్య: జంటగొట్టాల తుపాకిలో రెండే తూటాలు. ఇందులో పెట్టెలో నాలుగు, గొట్టములో ఒకటి. గాయపడిన పులి మీదికి దూకు సమయములో మూడవ తూటా ప్రాణము కాపాడవచ్చును.

లోపములు కూడా లేకపోలేదు. తేలికైన తుపాకిలో బలమైన తూటా పేల్చినందున భుజమునకు గట్టి దెబ్బ తగిలేది. గుండు ఆకారము మొద్దుగా ఉండుటచే దూరము పోయేకొద్దీ వేగము త్వరగా తగ్గేది. కాని దట్టమైన అడవిలో పులి కొద్ది గజముల దూరములోనే కనిపించును గనుక ఇది పెద్ద లోటు కాలేదు. ఏనుగు వంటి భారీ జంతువులకు ఈ తూటా చాలదని పలువురు నిపుణుల అభిప్రాయము. అన్నిటికంటె పెద్ద చిక్కు తూటాల లభ్యత. .405 తూటాను ఇతర రైఫిళ్ళలో అంతగా వాడకపోవుటచే, 1950 దశకములో దాని తయారీ నిలిచిపోయినది. స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై ఆంక్షలు కూడా పెరిగినవి. చౌకగా దొరికిన రైఫిలు అయినను, దాని తూటా దొరకనినాడు అది చేతికర్రతో సమానము.

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు

మీట నొక్కిన ప్రతిసారి ఒక గుండు వెలువడి, మరుసటి తూటా దానంతటదే గొట్టములోనికి చేరు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు ఆండర్సన్ పుట్టుకకు ముందే మార్కెట్టులో ఉన్నవి. వించెస్టర్ సంస్థ 1905, 1907, 1910 సంవత్సరములలో ఇటువంటి నమూనాలను విడుదల చేసినది. పేలుడు వలన తూటా వెనుకకు నెట్టబడు బలముతోనే ఇవి పనిచేసేవి. ఆ బలమును తట్టుకొనుటకు లోపలి బోల్టును ఎంతో బరువుగా చేయవలసి వచ్చేది. అందువలన తూటా శక్తి కొంత పెరిగినా తుపాకి బరువు ఎక్కువయ్యేది.

ఇదే సూత్రము చిన్న .22 తూటాకు చక్కగా సరిపోయినది. ఆ తూటా బలము తక్కువ గనుక బరువైన బోల్టు అవసరము లేదు. బ్రౌనింగ్ రూపొందించిన .22 సెమీ ఆటోమేటిక్ రైఫిలును బెల్జియముకు చెందిన ఎఫ్.ఎన్. సంస్థ 1914 నుండి తయారుచేసినది. దాని బరువు రెండు కిలోలకు కొద్దిగా ఎక్కువ. 1964లో అమెరికాలో విడుదలైన రూగర్ 10/22 కూడా ఈ కోవకు చెందినదే. వినోదము కొరకు గురిచూసి కాల్చువారికి తక్కువ ధరలో లభించు తేలికపాటి రైఫిళ్ళుగా ఇవి ప్రసిద్ధి చెందినవి. కాని పులి వేటకు ఇవి పనికిరావు. గాయముతో తప్పించుకున్న పులి నరభక్షకముగా మారు ప్రమాదము కలదు. ఆండర్సన్ కథలలోని పలు నరభక్షకములు తుపాకి గాయముల వలననో, ముళ్ళపంది ముళ్ళ వలననో సహజమైన వేటకు అశక్తములైనవే. కావున పనికి తగిన తుపాకిని ఎంచుకొనుట వేటగాని భద్రతతో పాటు, చుట్టుపక్కల గ్రామముల భద్రతకు కూడా సంబంధించిన విషయము.

నరభక్షకముల వేట

1939 నుండి 1966 వరకు ఆండర్సన్ 8 నరభక్షక చిరుతలను (7 మగవి, 1 ఆడది), 7 నరభక్షక పులులను (5 మగవి, 2 ఆడవి) చంపినట్లు అధికారికముగా నమోదైనది. కొన్ని మదపుటేనుగులను కూడా వేటాడాడు. పులి చంపిన పశువు కళేబరము వద్దనో, కట్టివేసిన ఎర వద్దనో మంచె కట్టించుకొని రాత్రంతా కదలక కూర్చొనుట ఈయన సాధారణ పద్ధతి. చీకటిలో గురి చూచుటకు రైఫిలుకు టార్చిలైటు బిగించుకునేవాడు.

గిరిజనుల అటవీ జ్ఞానముపై ఈయనకు అపారమైన గౌరవము. సేలం జిల్లా చిన్నార్ నదీ ప్రాంతమునకు చెందిన బైరా అను పూజారి తెగ వ్యక్తి ఈయనకు అడవి విద్యలో గురువువంటివాడు. తన మొదటి పుస్తకములో అతని గురించి ప్రత్యేకముగా ఒక అధ్యాయము వ్రాశాడు.

తెలుగు ప్రాంతములతో సంబంధము

- చామల లోయ: చిత్తూరు జిల్లా అడవులలోని ఈ లోయలో సంచరించిన నరభక్షక పులి కథ ఈయన మొదటి పుస్తకములో ఉన్నది.
- మామండూరు: రేణిగుంటకు సమీపములోని ఈ చిన్న రైల్వే స్టేషను పరిసరములలో తిరిగిన పులిని గురించిన కథ రెండవ పుస్తకములోనిది.
- నల్లమల: గుంతకల్లు - గుంటూరు రైలు మార్గము ఈ అడవుల గుండా సాగును. ఈ మార్గములోని స్టేషన్ల పరిసరములు, చెంచుల జీవనము ఈయన రచనలలో కనిపించును.

రచనలు

- నైన్ మ్యాన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్ (1954)
- మ్యాన్-ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ (1957)
- ది బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి (1959)
- ది కాల్ ఆఫ్ ది మ్యాన్-ఈటర్ (1961)
- దిస్ ఈజ్ ది జంగిల్ (1964)
- ది టైగర్ రోర్స్ (1967)
- టేల్స్ ఫ్రమ్ ది ఇండియన్ జంగిల్ (1970)
- జంగిల్స్ లాంగ్ ఎగో (1976, మరణానంతరము)

ఈయన రచనలను తరచుగా జిమ్ కార్బెట్ రచనలతో పోల్చెదరు. కార్బెట్ హిమాలయ పాదముల అడవులను వర్ణించగా, ఆండర్సన్ దక్షిణాది అడవులను, వాటి చుట్టూ ఉన్న పల్లెలను పాఠకుల ముందుంచాడు. కొన్ని సంఘటనలలో అతిశయోక్తి ఉన్నదని విమర్శించినవారు కూడా కలరు. హేతువుకు అందని అనుభవములను సైతము ఈయన తన పుస్తకములలో చేర్చాడు.

తుపాకి నుండి కెమెరాకు

కాలము గడిచేకొద్దీ ఆండర్సన్ దృక్పథము మారినది. తాను యౌవనములో చూచిన అడవులు తన కళ్ళముందే తరిగిపోవుటను గమనించి, తరువాతి రచనలలో ఆ విషయమును ఆవేదనతో ప్రస్తావించాడు. చివరి సంవత్సరములలో జంతువులను కెమెరాతో మాత్రమే వేటాడాడు. దక్షిణ భారతదేశములో వన్యప్రాణి సంరక్షణను సమర్థించిన తొలితరము వారిలో ఒకనిగా ఈయనను పరిగణించెదరు.

1972లో భారత ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసినది. దానితో వినోదము కొరకు పులులను వేటాడుట చట్టరీత్యా అంతమైనది. ఆదిలాబాదు జిల్లాలో 1965లో ఏర్పడిన కవ్వాల్ అభయారణ్యము 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా మారినది. నల్లమలలో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రము 1983లో ఏర్పడినది.

తుపాకుల విషయములో 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేకుండా రైఫిలు కలిగియుండుట నేరము. ఆటోమేటిక్ ఆయుధములు సామాన్య పౌరులకు నిషిద్ధములు. భారతదేశములో రైఫిలు షూటింగు నేడు క్రీడగా కొనసాగుచున్నది. ఎయిర్ రైఫిళ్ళు, .22 రైఫిళ్ళు ఇందులో ప్రధానమైనవి. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు విభాగములో కాంస్య పతకము సాధించాడు.

మరణము

ఆండర్సన్ క్యాన్సరు వ్యాధితో 1974 ఆగష్టు 30న బెంగుళూరులో మరణించాడు. ఈయన పుస్తకములు నేటికీ పునర్ముద్రణ పొందుచున్నవి. ఈయన వేటాడిన అడవులలో కొన్ని భాగములు నేడు అభయారణ్యములుగా, జాతీయ వనములుగా రక్షణ పొందుచున్నవి.